నావికుల సర్వీసు పుస్తకం

నౌకాదళమనగానే మన మనోనేత్రం ముందు నిలిచేది అలలను చీల్చుకుంటూ సాగే యుద్ధనౌక. విశాఖ తీరాన పెరిగిన విద్యార్థులకు ఆ దృశ్యం మరింత పరిచితం. అయితే ఆ నౌకను నడిపే నావికునికి నెలనెలా జీతం ముట్టజెప్పడం, సెలవు మంజూరు చేయడం, పదోన్నతిని నిర్ణయించడం, విరమణ నాటికి పత్రాలు సిద్ధం చేయడం వంటి పనులు ఎవరి కంటా పడవు. వీటన్నింటినీ కలిపి సిబ్బంది సేవలు అంటారు. సర్వీసు రిజిస్టరులో ఒక్క నమోదు తప్పిపోతే కలిగే ఆందోళన ప్రభుత్వోద్యోగి ఇంట పెరిగిన వారందరికీ తెలిసినదే. తీరానికి వందల మైళ్ల దూరంలో ఉన్న నావికుడు కార్యాలయానికి వెళ్లి అడగనైనా అడగలేడు.

ఈ సంగతి మన పూర్వులు ఎరుగనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నౌకా వ్యవహారాలను చూచే నావధ్యక్షుని గురించి ఒక అధ్యాయం ఉంది. అదే గ్రంథంలో రాజభృత్యుల జీతభత్యాలకు వేరుగా మరొక ప్రకరణం ఉంది. విధి నిర్వహణలో మరణించినవారి భార్యాబిడ్డలకు భత్యమూ వేతనమూ అందాలని కౌటిల్యుడు అందులో విధించాడు. నేటి కుటుంబ పింఛనుకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి.

జీతం విషయంలో ఏమరుపాటు రాజ్యాన్ని ఎక్కడికి తీసుకొనిపోగలదో 17వ శతాబ్దపు ఇంగ్లండు చరిత్ర తెలుపుతుంది. రెండవ చార్లెస్ కాలంలో ఆ దేశం డచ్చివారితో యుద్ధం చేస్తుండగా ఖజానా అడుగంటింది. నావికులకు నాణేలకు బదులుగా టిక్కెట్లనే చీటీలు ఇచ్చారు. చీటీ చూపితే కార్యాలయంలో సొమ్ము ఇవ్వాలి. కాని అక్కడ సొమ్ము లేదు. ఆకలికి ఓర్వలేని నావికులు వాటిని వడ్డీ వ్యాపారులకు తక్కువ ధరకు తెగనమ్ముకున్నారు. కొందరు విసిగి శత్రువుల కొలువులో చేరారు. 1667 జూన్ నెలలో డచ్చి నౌకలు మెడ్వే నదిలోకి చొరబడి, ఇంగ్లీషు నౌకలను తగులబెట్టి, ‘రాయల్ చార్లెస్’ అనే ప్రధాన నౌకను లాగుకొనిపోయాయి. డచ్చి నౌకల మీదినుండి ఇంగ్లీషు మాటలు వినిపించాయట! ఇన్నాళ్లూ చీటీల కోసం పోరాడాము, ఇప్పుడు డాలర్ల కోసం పోరాడుతున్నామని ఆ నావికులు కేకలు వేశారని విన్నట్లు, నాటి నౌకాదళ కార్యాలయాధికారి శామ్యూల్ పెపిస్ తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ నౌక వెనుకభాగపు అలంకరణ ఫలకం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. పెపిస్ ఆ అవమానాన్ని మరచిపోయినట్లు లేదు. లెఫ్టినెంటు పదవికి పరీక్ష నెగ్గితీరాలనే నిబంధన 1677లో ఆయన కృషి వల్లనే వచ్చింది. కులీనుల బిడ్డ అయినంత మాత్రాన పదవి దక్కే పద్ధతికి అది తొలి అడ్డుకట్ట.

జీతాల సంగతి మాత్రం మారలేదు. 1650ల నాటి వేతనమే 1797 దాకా సాగింది. పైగా నౌకలో సరుకులు పంచే అధికారి పౌనుకు పదహారు ఔన్సులకు బదులు పద్నాలుగే తూచేవాడు. మిగిలినది తరుగు కింద పోయిందని లెక్క. ఆ ఏడాది ఏప్రిల్‌లో స్పిట్‌హెడ్ వద్ద నావికులు లంగరెత్తడానికి నిరాకరించారు. అయినా క్రమశిక్షణ తప్పలేదు; ఫ్రెంచి నౌకాదళం కదిలివస్తే తామూ బయలుదేరుతామని ప్రకటించారు. పార్లమెంటు జీతం పెంచింది, రాజు క్షమాభిక్ష ప్రసాదించాడు. ఇంత జరిగినా, ఒక నౌక కొలువు ముగియగానే నావికుడు నిరుద్యోగి అయ్యే పాత పద్ధతి 1853 వరకు పోలేదు. ఆ సంవత్సరం పదేళ్ల నిరంతర సేవా విధానాన్ని ప్రవేశపెట్టారు. నావిక వృత్తి ఒక స్థిరమైన ఉద్యోగంగా రూపొందినది అప్పుడే.

ఇదే పాఠం భారతదేశంలో మళ్లీ వినవలసివచ్చింది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని ‘తల్వార్’ శిక్షణ కేంద్రంలో నావికులు అన్నం ముట్టలేదు. నాసిరకపు ఆహారం, అధికారి దుర్భాషలు, బ్రిటిష్ నావికులతో పోలిస్తే తక్కువ జీతం వారి ఫిర్యాదులు. యుద్ధం ముగిసినవారిని త్వరగా, తగిన సొమ్ముతో ఇళ్లకు పంపాలన్నది మరొక కోరిక. కరాచీ, మద్రాసు, విశాఖపట్నం కేంద్రాలకు కూడా ఆ నిరసన పాకింది. సుమారు 20 వేల మంది పాల్గొన్న ఆ తిరుగుబాటును స్వాతంత్ర్య పోరాట ఘట్టంగా స్మరిస్తాము, అది న్యాయమే. దాని మొదటి నిప్పురవ్వ మాత్రం భోజనపు పళ్లెంలో పుట్టింది.

కంప్యూటర్ల రాకతో ఈ చిక్కులు తొలగుతాయని అందరూ ఆశించారు. అమెరికా నౌకాదళం 2018లో టెనెసీ రాష్ట్రంలోని మిల్లింగ్టన్‌లో, ఏ వేళనైనా ఫోను చేసి సహాయం పొందగల కేంద్రాన్ని ప్రారంభించింది. స్థానిక కార్యాలయాల పనిని కొన్ని పెద్ద కేంద్రాలకు మళ్లించింది. ఆలోచన మంచిదే. అయితే 2022 నాటికి సేవనుండి విడుదలయ్యే కొందరికి ధ్రువపత్రాలు సకాలంలో అందలేదు. ఆ పత్రం లేనిదే మాజీ సైనికుల సౌకర్యాలు పొందడం కష్టం. ఎదుట కూర్చొని కాగితం చూచే గుమాస్తాను తొలగించినంత సులభంగా అతని అనుభవాన్ని యంత్రంలోకి ఎక్కించలేమని నా అభిప్రాయం.

మన నౌకాదళంలో సిబ్బంది స్వరూపమే మారుతూ వచ్చింది. 1992లో కొన్ని శాఖలలో స్త్రీలను అధికారులుగా చేర్చుకున్నారు. వారు శాశ్వత కమిషన్‌కు అర్హులని 2020 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంతో నావికుల చేరిక నాలుగేళ్ల కాలానికి పరిమితమైంది. ఆ పథకం ప్రకారం గరిష్ఠంగా నూటికి 25 మందికే ఆ పైన కొనసాగే అవకాశం ఉంటుంది. ఒడిశాలోని ఐ.ఎన్.ఎస్. చిల్కాలో శిక్షణ పొంది 2023 మార్చిలో బయటికి వచ్చిన తొలి జట్టులో 270 మందికి పైగా యువతులు ఉన్నారు.

1853లో స్థిరపడిన దీర్ఘసేవకు ఇది దాదాపు ఎదురు దిశ. పింఛను లేదు, జీతంలో నూటికి ముప్పై వంతు మినహాయించి, ప్రభుత్వం అంతే మొత్తం జోడించే సేవానిధి ఉంది. ఒకే వ్యక్తి లెక్కను దశాబ్దాల పాటు సావకాశంగా సరిదిద్దుకునే వ్యవధి కార్యాలయానికి ఇక ఉండదు. సేవనుండి వెళ్లే యువకుడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో రెండవ ఉద్యోగం వెదుక్కోవాలి. ఓడ దిగే నాటికి సేవానిధి సొమ్ము, నేర్చిన పనికి నైపుణ్య ధ్రువపత్రం, తప్పుల్లేని సేవా వివరాలు అతని చేతిలో ఉండాలి.