హార్పరు దొరసాని కేశాలంకారశాల

స్త్రీలకై కేశాలంకారశాల పెట్టి ధనమార్జించుట నేఁడు వింత గాదు. 1888వ సంవత్సరమున, అమెరికాదేశపు రాచెస్టరు నగరమున నది సాహసమే యయ్యెను. అచటి సంపన్నస్త్రీలు నాఁడు తమ యిండ్లయందే తల దువ్వించుకొనుచుండిరి.

మార్తా మెటిల్డా హార్పరు కెనడాదేశమున 1857లోఁ బుట్టి, 7వ యేటనే పరులయింటఁ బనికిఁ గుదిరెను. ఇరువదియేండ్లకుఁ బైఁబడిన దాస్యమునఁ గూడఁబెట్టిన 360 డాలర్లే యామె మూలధనము. ఆ సొమ్ముతో నంగడి తెఱచెను. ప్రక్కగదిలో సంగీతపాఠములు జరుగుచుండెడివి. బిడ్డలఁ దోడ్కొనివచ్చిన తల్లులకు వేచియుండఁ జోటు లేకుండుటఁ జూచి, ఆమె వారినిఁ దన శాలలోఁ గూర్చుండఁ బిలిచెను. కూర్చుండ వచ్చినవారే తల యంటించుకొనసాగిరి. ఎంత చక్కని యుపాయము! కన్నులలో సబ్బునీరు పడకుండ వెనుకకు వాలెడు కుర్చీని సయితము చేయించెను.

1891 మొదలు ఇతర నగరములందును శాఖలు వెలసెను. మొదటి 100 శాఖలను ధనికుల కీయక, తనవలెఁ గాయకష్టముచే బ్రదుకు పేదస్త్రీలకే యొసఁగెను. మాడు మర్దించుటయు, తల యంటుటయు, వచ్చినవారి నాదరించుటయు వారు ముందుగా నేర్వవలెను. నేర్చినపిమ్మట నంగడి వారిదే. జీతపుఁ గొలువు గాదు సుఁడీ! తైలాదులు మాత్రము హార్పరు చేయించినవే కొనవలెను. అందుచే నామె లాభము వారి వృద్ధితో ముడివడెను. శాఖలు ఒకప్పుడు 500 వఱకుఁ బెరిగెను.