గొంతు తగ్గించుకున్న ఫోను

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి మళ్లేవాళ్లకు ఆర్ట్స్ కాలేజీ భవనం తెలియకుండా ఉండదు. అదే క్యాంపస్‌లో ‘నెర్టు’ అనే పరిశోధన, శిక్షణ కేంద్రం ఉందని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. విమానాలకు దారి చూపే ఎలక్ట్రానిక్స్ దాని పని. వాతావరణం పై అంచున విద్యుదావేశంతో నిండి ఉండే అయనావరణం జీపీఎస్ సంకేతాలను ఎంత ఆలస్యం చేస్తుందో ప్రొఫెసర్ ఎ.డి. శర్మ, ఆయన సహచరులు అక్కడ ఏళ్ల తరబడి లెక్కలు కట్టారు. విమానాల కోసం జీపీఎస్ తప్పులను సరిదిద్దేందుకు ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన ‘గగన్’ వ్యవస్థకు అలాంటి లెక్కలే ఆయువుపట్టు.

ప్రయాణికుడి జేబులో ఉన్న ఫోనుకూ దీనికీ ఏమిటి సంబంధం? జీపీఎస్ ఉపగ్రహం సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. దాని సంకేతం ఇక్కడికి చేరేసరికి వాట్‌లో వంద కోట్ల కోట్లవ వంతుకు చిక్కిపోతుంది. పాత జీఎస్ఎం ఫోను కావాలంటే 2 వాట్లు వెదజల్లగలదు. ఇద్దరి పౌనఃపున్యాలూ వేరేననుకోండి. అయినా ఒకరి చిల్లర రొద రెండోవారి చెవిలో పడదని పూచీ ఎవరిస్తారు?

విమానంలో ఫోను వద్దనడానికి ఇదొక్కటే కారణం కాదు. 1991లో అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ గాలిలో సెల్‌ఫోన్లను నిషేధించింది కింది టవర్లను కాపాడుకోవడానికి. నేల మీది ఫోను చుట్టుపక్కల టవర్లకే వినిపిస్తుంది. పైన ఎగిరే ఫోను ఒకేసారి ఎన్నో టవర్లకు కనిపించి, వాటి పౌనఃపున్యాల పంపకాన్నంతా గందరగోళం చేస్తుంది.

అప్పటికే మరో దారి ఉండేది. జాక్ గోకెన్ పెట్టిన ‘ఎయిర్‌ఫోన్’ సంస్థ 1984లో అమెరికా విమానాల్లో క్రెడిట్ కార్డు గీకి మాట్లాడే ఫోన్లు అమర్చింది. ఖరీదెక్కువ, మాట నాణ్యత అంతంతమాత్రం. తర్వాత బోయింగ్ ‘కనెక్షన్’ పేరుతో ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ తెచ్చింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికన్ ఎయిర్‌లైన్లు తప్పుకున్నాయి. 2004 మేలో లుఫ్తాన్సా మొదలుపెట్టింది, 2006లో బోయింగ్ దుకాణం కట్టేస్తున్నట్టు ప్రకటించింది. యంత్రం పనిచేసింది, లెక్క కుదరలేదు.

అసలు తెలివి ‘పికోసెల్’లో ఉంది. టవరు అందనప్పుడు ఫోను సంతలో తప్పిపోయిన పిల్లవాడిలా గొంతు చించుకుంటుంది. బ్యాటరీ అంత త్వరగా అయిపోవడానికీ కారణం అదే. కాబట్టి ఫోను నోరు మూయించాలంటే టవరునే దాని పక్కకు తేవాలి! క్యాబిన్ పైకప్పు వెంట ఒక కేబుల్ పరిచారు. మామూలు కేబుల్ సంకేతాన్ని బయటికి పోనివ్వకూడదు. ఇది మాత్రం కావాలనే పొడవునా కొద్దికొద్దిగా కారనిస్తుంది. దానికి తగిలించిన చిన్న బేస్ స్టేషనే పికోసెల్. అది ప్రతి ఫోనుకూ ‘ఒక్క మిల్లీవాట్ చాలు’ అని ఆజ్ఞ ఇస్తుంది. రెండు వాట్లు ఎక్కడ, ఒక మిల్లీవాట్ ఎక్కడ? ఇంకో పెట్టె క్యాబిన్‌లో సన్నటి రేడియో రొద నింపి, కింది టవర్ల మాట ఫోనుకు వినపడకుండా చేస్తుంది. పికోసెల్ అందుకున్న మాటలను ఉపగ్రహానికి చేర్చే బాధ్యత విమానం వీపు మీది యాంటెన్నాది. ఫోనుకు బలం పెంచడం కాకుండా తగ్గించడం ఇందులోని చమత్కారం.

2008 మార్చి 20న దుబాయ్ నుంచి కాసాబ్లాంకా వెళ్లే ఎమిరేట్స్ విమానంలో ఈ పద్ధతితో అనుమతి పొందిన తొలి కాల్ వెళ్లింది. మూడు రోజులకు, 23న, హైదరాబాద్ విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. కొత్త విమానాశ్రయం వచ్చింది గానీ, మన గగనతలంలో ప్రయాణికుల ఫోన్లకు మౌనవ్రతం తప్పలేదు. దాన్ని సడలించే నిబంధనలు 2018 డిసెంబరులో వచ్చాయి. 2020 సెప్టెంబరులో విస్తారా అంతర్జాతీయ విమానాల్లో వై-ఫై మొదలుపెట్టింది. 2025 జనవరి 1 నుంచి ఎయిరిండియా కొన్ని దేశీయ విమానాల్లోనూ ఇస్తోంది. మూడు వేల మీటర్లు దాటాకే అనుమతి. మాటలకు కూడా వీలిచ్చిన నిబంధనల్లోంచి ఎయిర్‌లైన్లు వై-ఫైనే ఎంచుకున్నాయి. పక్క సీటువాళ్లకిది పెద్ద ఉపకారం.

ఇక నెర్టు పట్టించుకున్న అయనావరణం సంగతి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనవైపు అది తిక్కగా ప్రవర్తిస్తుంది, పొద్దుగూకాక మరీను. విమానాల పాత ఉపగ్రహ ఫోన్లు వాడే ఒకటిన్నర గిగాహెర్ట్జ్ దగ్గర దాని దెబ్బ తగులుతుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆలస్యం దాని వర్గానికి విలోమంగా తగ్గుతుంది కనుక, 20 గిగాహెర్ట్జ్ దగ్గర అది నూటయాభయ్యో వంతుకన్నా తక్కువకు దిగుతుంది. 2024 నవంబరు 19న ఫాల్కన్-9 రాకెట్ మోసుకెళ్లిన 4,700 కిలోల జీశాట్-ఎన్2 ఉపగ్రహం ఈ పౌనఃపున్యాలుండే ‘కా’ బ్యాండుదే. 32 కిరణపుంజాలతో సెకనుకు 48 గిగాబిట్లు దాని సామర్థ్యం.

ఆ బ్యాండుకు శత్రువు వాన. పది కిలోమీటర్ల ఎత్తున విమానం చాలా మేఘాలను దాటి ఉంటుంది. తడిసేది ఉపగ్రహాన్ని ఇంటర్నెట్‌కు కలిపే నేల మీది గేట్‌వే యాంటెన్నా. అందుకే ఇలాంటి ఉపగ్రహాలకు గేట్‌వేలను దూరదూరంగా కట్టి, కుంభవృష్టి ఒకచోట పడితే మరోచోటికి రాకపోకలు మళ్లిస్తారు.