నొప్పి విలువ తెలిసిన చేతుల డాక్టరు

పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డ లేకుండా పట్టుకోబోతే ఏమవుతుంది? మీరు ఆలోచించేలోపే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. 'అబ్బా!' అని నొప్పిని తిట్టుకుంటాం. ఆ నొప్పే తెలియకపోతే చేతుల గతి ఏమిటో కళ్ళారా చూసిన డాక్టరు పాల్ బ్రాండ్.

ఆయన 1914లో ఇప్పటి తమిళనాడులోని కొల్లి కొండల్లో, ఇంగ్లీషు మిషనరీల ఇంట పుట్టారు. డాక్టరు కాకముందు ఇంగ్లండులో కొన్నేళ్ళు వడ్రంగం, తాపీపని నేర్చుకున్నారు. తర్వాత లండన్‌లో వైద్యం చదివి, 1946లో వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రికి వచ్చారు. మన పెద్దవాళ్ళు రాయవెల్లూరు అనే ఊరే అది.

కుష్ఠు రోగుల చేతులు ఆయన్ని కదిలించాయి. కొంకర్లు పోయిన వేళ్ళున్న ఒకతన్ని తన చెయ్యి నొక్కమంటే, ఆ పట్టుకు డాక్టరుగారికే నొప్పి పుట్టిందట! అంటే ముంజేతి కండరాలు బాగానే ఉన్నాయన్నమాట. 1940ల చివర్లో ఆయన ఒక బాగున్న కండరం తాలూకు స్నాయువును చచ్చుబడిన వేళ్ళకు కలిపి కుట్టారు. ముడుచుకున్న వేళ్ళు తెరుచుకున్నాయి.

అయినా కొందరికి వేళ్ళు తరిగిపోతూనే ఉన్నాయి. మాంసం కుళ్ళి రాలిపోతుందని అప్పట్లో అందరి నమ్మకం. రాత్రిళ్ళు కాపలా కాస్తే తేలిందేమిటంటే, స్పర్శ లేని వేళ్ళను ఎలుకలు కొరికేస్తున్నాయి! వేడిగిన్నెలు పట్టుకున్నా, గాయమైనా వాళ్ళకు తెలిసేది కాదు. దాంతో ఇళ్ళకు వెళ్ళేవారి వెంట ఒక్కో పిల్లిని పంపారు.

ఇంకో చిక్కు వచ్చింది. చేతులు బాగుపడ్డాక బిచ్చం పడటం లేదని కొందరు వాపోయారు. అందుకే వాళ్ళకు వడ్రంగం నేర్పే కేంద్రం పెట్టారు. తాను నేర్చిన పని అలా అక్కరకొచ్చింది. భార్య మార్గరెట్ కంటి డాక్టరు. ఆరుగురు పిల్లల్ని పెంచుతూనే కుష్ఠు రోగుల కళ్ళకు వైద్యం చేశారామె. బ్రాండ్ 1966లో అమెరికా వెళ్ళి అక్కడా ఇదే పని కొనసాగించారు. 2003లో కన్నుమూశారు.

నిజాంపేటలో అపార్ట్‌మెంటు వంటింట్లో ఉన్న మీకు ఇదంతా ఎందుకంటారా? షుగరు ముదిరితే కాళ్ళకూ, ఒక్కోసారి చేతులకూ స్పర్శ తగ్గుతుంది. ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ళుంటే పాదాలు, వేళ్ళు రోజూ చూడండి. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతున్నదేమో డాక్టరుకు చూపించండి. ఒంటిమీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే సిగ్గుపడి దాచకండి. కుష్ఠు మందులతో పూర్తిగా నయమవుతుంది, ప్రభుత్వాస్పత్రిలో ఆ మందులు ఉచితం.

చెయ్యి నొప్పెడితే చిరాకు పడకండి. చెయ్యి మొద్దుబారితే మాత్రం ఊరుకోకండి!