చిన్న ఊరిలో పెద్ద కలలు

ఇంగ్లండు దేశమున నార్తాంప్టన్‌షైరు మండలమందు కెటరింగు అను చిన్న పట్టణము కలదు. పాదరక్షల తయారీకి పేరు పడిన ఊరు. 1792లో అచట వాలిస్ అను వితంతువు ఇంటి గదిలో కొందరు బాప్టిస్టు బోధకులు కూడి, 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీల చందా వ్రాసికొని, ఒక మిషనరీ సంఘమును నెలకొల్పిరి. ఆ సంఘము పంపగా వంగదేశము చేరిన విలియం కేరీయే 1814లో శ్రీరాంపురమునుండి తెలుగు వ్యాకరణము నొకదానిని ప్రకటించెను. చిన్న గదిలో పుట్టిన సంకల్పము ఎంత దూరము పోగలదో ఆ ఊరికి తెలియనిది కాదు.

ఆ కెటరింగులోనే 1955 మొదలు 1958 వరకు, వరుసగా నాలుగేండ్లు, ఈస్టరు సెలవులలో వైజ్ఞానిక కల్పనాసాహిత్యాభిమానులు సమావేశమైరి. ఇట్టి సభలకు నాంది 1937 జనవరి 3వ తేదీన లీడ్సు నగరమునందలి దివ్యజ్ఞాన సమాజ మందిరములో జరిగినది. నాడు పట్టుమని పాతికమందైనను లేరు. వారిలో పందొమ్మిదేండ్ల ఆర్థర్ క్లార్కు ఒకడు. ఈ సభలకు ప్రభుత్వపు అండ లేదు. పాఠకులే గది కుదుర్చుకొని, పాఠకులే చందాలు వేసికొని, తమ చిన్న పత్రికలను తామే చేతియంత్రముపై అచ్చొత్తుకొనెడివారు.

1957 అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్కును ఆకసమున కెగురవేసినది. కథలలోని మాట వార్త యైనది. అయినను, ఆరు నెలల పిమ్మట కెటరింగులో కూడినవారిని ఒక దిగులు వేధించెను. ఏటేటా వచ్చువారు పాతవారే. క్రొత్త యువకులు అరుదు. ఇట్లే సాగినచో పాతమిత్రుల విందుగా మిగిలి, కొంతకాలమునకు అదియు అంతరించును.

ఆ దిగులే వారిచేత పని చేయించినది. ఆ సభలోనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ అసోసియేషన్ పుట్టినది. ఆ ఏడే ‘వెక్టర్’ అను పత్రిక వెలువడినది; తొలి సంపాదకుడు నవలాకారుడు ఇ.సి. టబ్. సంఘమునకు మొదటి అధ్యక్షుడు బ్రయన్ ఆల్డిస్. 1970లో సంఘము బహుమతి నేర్పరచి, మొదట జాన్ బ్రన్నర్ నవలకు ఒసగినది.

1959లో ఈస్టరు సభ బర్మింగ్‌హామునకు తరలిపోయినది. నేటికిని అది ఊరూరా తిరుగుచునే యున్నది. సంఘమును, పత్రికయు నిలిచియే యున్నవి.

పాఠశాలలలో సాహిత్య సంఘములను నడపు ఉపాధ్యాయులకు ఆ దిగులు పరిచితమే. వచ్చిన నలుగురిని చూచి సంతసించుట సులభము. రానివారెవరని అడిగి, వారి కొరకు తలుపు తెరచుట కష్టము. కెటరింగులో కూడినవారు ఆ కష్టమునకు పూనుకొనిరి.