1 పడితే కత్తి జారాల్సిందేనా? డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో యోధుడికి న్యాయం చేసే హౌస్ రూల్స్ ఇవే..

20 ముఖాల డైస్ వేశారు.. 1 పడింది.. అంతే, యోధుడి చేతిలోని కత్తి జారి కింద పడింది! టేబుల్ చుట్టూ కూర్చున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. ఒక్కసారైతే సరదానే. కానీ యుద్ధంలో ఎంత ఆరితేరితే అన్నిసార్లు కత్తి జారుతుంటే? డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే చాలా చోట్ల సరదాకు పెట్టుకునే ఈ ఒక్క రూల్.. ఫైటర్ పాత్ర తీసుకున్న వాళ్లకు ఆటే విసుగొచ్చేలా చేస్తుంది. మరి దాన్ని ఎలా సరిచేయాలి? యోధుడిని యోధుడిలా ఆడాలంటే ఏ రూల్స్ కావాలి? ఓసారి చూద్దాం.

అసలేంటీ ఆట?

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించిన ఈ ఆట 1974లో వచ్చింది. ఒకరు కథ నడిపిస్తారు. ఆయన్నే డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతా వాళ్లు తలో పాత్ర తీసుకుంటారు. ఏం చేస్తారో నోటితో చెప్పాలి, కుదిరిందా లేదా అన్నది డైస్ తేలుస్తుంది. మొదట్లో ఉన్నవి మూడే పాత్రలు.. యోధుడు, మంత్రగాడు, పూజారి. 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో పిల్లలు ఆడేది ఈ ఆటే.

ఇక హౌస్ రూల్స్ అంటే మనకు కొత్తేం కాదు. అష్టాచెమ్మాలో ఎదుటివాళ్ల కాయను ఒక్కటైనా చంపితేనే లోపలి గడుల్లోకి వెళ్లాలని ఒక ఇంట్లో అంటారు. పక్కింట్లో ఆ పట్టింపే ఉండదు. పుస్తకంలో లేకున్నా ఆడేవాళ్లంతా ఒప్పుకుని పెట్టుకున్నదే హౌస్ రూల్.

ఫైటర్‌కు వచ్చిన ఇబ్బందేంటి?

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్‌నే తీసుకుందాం. ఐదో లెవెల్‌కు వచ్చిన ఫైటర్ ఒక వంతులో రెండు దెబ్బలు వేస్తాడు. మంచి బలం ఉండి, రెండూ తగిలితే సగటున 17 పాయింట్ల నష్టం. అదే లెవెల్‌లో మంత్రగాడికి ఫైర్‌బాల్ వస్తుంది. దాని సగటు 28 పాయింట్లు. అదీ ఒక్కడికి కాదు, 20 అడుగుల వ్యాసార్ధంలో ఉన్న అందరికీ! తప్పించుకున్న వాళ్లకూ సగం దెబ్బ తప్పదు. రోజుకు రెండు మూడు సార్లే వాడగలడన్నది నిజమే. కానీ మంత్రగాడు ఎగరొచ్చు, మాయం కావొచ్చు, తలుపులు తెరవొచ్చు. ఫైటర్ మాత్రం వంతు వచ్చిన ప్రతిసారీ 'కొడతా' అనడమే. అసలు లోటు అక్కడుంది.

ముందు తీసేయాల్సిన రూల్ ఇదే

పుస్తకం ప్రకారం దాడికి డైస్ వేసినప్పుడు 1 పడితే దెబ్బ తప్పుతుంది. అంతే. కత్తి జారడం, కాలు బెణకడం, పక్కవాడికి తగలడం.. ఇవన్నీ ఆడేవాళ్లు కలుపుకున్నవే. ఇప్పుడు లెక్క చూడండి. ఒక దెబ్బ వేసే కొత్త ఫైటర్‌కు ఒక వంతులో 1 పడే అవకాశం 5 శాతం. ఐదో లెవెల్‌లో రెండు దెబ్బలు వేస్తే దాదాపు 10 శాతం. 11వ లెవెల్‌లో మూడు దెబ్బలకు 14 శాతం. 20వ లెవెల్‌లో నాలుగు దెబ్బలకు ఏకంగా 18.5 శాతం! అంటే నిన్న మొన్న కత్తి పట్టినవాడి కంటే మహావీరుడే ఎక్కువసార్లు కత్తి పడేసుకుంటాడన్నమాట. ఫైర్‌బాల్ వేసే మంత్రగాడికి ఈ బాధే లేదు. ఎందుకంటే ఆ మంత్రానికి దాడి డైసే వేయక్కర్లేదు. అందుకే సరదా కావాలంటే 1 పడ్డప్పుడు ఏం జరిగిందో నవ్వుకునేలా వర్ణించండి, శిక్ష మాత్రం వేయకండి.

హుస్నాబాద్‌కు తెలిసిన యోధుడు

యోధుడంటే కొట్టడమేనా? సిద్దిపేట జిల్లా హుస్నాబాద్‌లో ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. ఇక్కడి ఎల్లమ్మ గుడిని, చెరువును సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్ కట్టించారని స్థానికంగా చెప్పుకుంటారు. ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపూర్‌కు చెందిన ఆయన గౌడ కుటుంబంలో పుట్టి, మొఘలుల పాలనను ఎదిరించారు. మనుషులను కూడగట్టారు, కోటలు కట్టారు. 1708లో ఏకంగా వరంగల్ మీదే దాడి చేశారు. ఆయన బలం కత్తి ఒక్కటే కాదు. వెంట నడిచిన జనం, కట్టుకున్న కోటలు, దెబ్బకొట్టే అదను కూడా.

పాపన్నలాంటి వీరుడిని ఈ టేబుల్ మీదకు తెస్తే? ఇప్పటి రూల్స్‌లో ఆయన చేతికి వచ్చేవి నాలుగు కత్తి దెబ్బలే. విచిత్రమేంటంటే పాత పుస్తకాల్లో ఇలా లేదు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం తొమ్మిదో లెవెల్ ఫైటర్ కోట కట్టుకుంటే సైనికులు వచ్చి చేరతారు, ఆ ప్రాంతంలో పన్ను కూడా వసూలు చేసుకోవచ్చు. తర్వాతి ఎడిషన్లలో ఫైటర్‌కున్న ఈ హక్కు పోయింది.

ఈ మూడు రూల్స్ ట్రై చేయండి

1. కొట్టడంతో పాటు ఒక ఎత్తు: 2014 పుస్తకంలో మార్షల్ అడెప్ట్ అనే ఫీట్ ఉంది. దాన్ని ప్రతి ఫైటర్‌కూ మొదటి లెవెల్‌లోనే ఉచితంగా ఇవ్వండి. రెండు ఎత్తులు, వాటికి ఆరు ముఖాల డైస్ ఒకటి వస్తాయి. శత్రువును పడగొట్టడం, వెనక్కి నెట్టడం, ఆయుధం జార్చడం లాంటివన్నమాట. కాసేపు విశ్రాంతి తీసుకుంటే వాడిన డైస్ తిరిగొస్తుంది.

2. మాటకూ బలం: ఫైటర్‌కు ఒక నైపుణ్యం అదనంగా ఇవ్వండి. బెదిరించేటప్పుడు మాటకారితనం బదులు బలం లెక్కలోకి తీసుకోండి. ఇది ఐచ్ఛిక రూల్‌గా పుస్తకంలోనే ఉంది. దీంతో యుద్ధం లేని సీన్లలోనూ ఫైటర్‌కు పని దొరుకుతుంది.

3. కోట, దళం: తొమ్మిదో లెవెల్‌లో ఫైటర్‌కు ఒక స్థావరం, పదిమంది అనుచరులు. అయితే వాళ్లు యుద్ధంలో విడిగా డైస్ వేయకూడదు, లేదంటే ఒక్కో వంతుకు అరగంట పడుతుంది. కథలో వారానికి ఒక పని చెప్పొచ్చు. వార్త తేవడం, దారి కాయడం, తిండి సమకూర్చడం.. ఏదో ఒకటి. వాళ్లకు జీతం, తిండి చూసుకోవాల్సింది మాత్రం ఫైటరే.

కొత్త పుస్తకంతో ఆడుతుంటే?

2024 పుస్తకంలో ఈ లోటు కొంత తీరింది. మొదటి లెవెల్‌లోనే ఫైటర్ మూడు రకాల ఆయుధాల్లో ప్రత్యేక పట్టు సాధిస్తాడు. ఏ ఆయుధం అన్నదాన్ని బట్టి శత్రువును నెట్టొచ్చు, పడగొట్టొచ్చు. రెండో లెవెల్ నుంచి, తప్పిన నైపుణ్య పరీక్షకు పది ముఖాల డైస్ కలుపుకునే వీలూ ఉంది. కాబట్టి ఈ పుస్తకంతో ఆడేవాళ్లు మొదటి రెండు హౌస్ రూల్స్ వదిలేసి, మూడోది పెట్టుకుంటే చాలు. అన్నీ కలిపితే ఈసారి మంత్రగాడు పక్కన కూర్చోవాల్సి వస్తుంది.

డైస్ వేయకముందే తేల్చుకోండి

ఏ రూల్ అయినా ఆట మధ్యలో పెడితే గొడవే. మొదటి రోజే అందరి ముందు చెప్పి ఒక కాగితం మీద రాసుకోవాలి. యోధుడికి ఇచ్చిన ఎత్తు శత్రువు వైపు యోధుడికీ వర్తించాలి. మూడు నాలుగు సార్లు ఆడాక బాగుందా అని మళ్లీ అడగాలి. ఆ అడిగేది డీఎంను కాదు.. ఫైటర్‌ను ఆడుతున్న వాళ్లను. తన వంతు వచ్చినప్పుడు 'కొడతా' అనే బదులు ఒక్క క్షణం ఆగి 'ఏం చేద్దాం' అని ఆలోచిస్తున్నారంటే.. ఆ రూల్ పనిచేసినట్టే!