రీలు లేని కెమెరా

మా అత్తగారి ట్రంకుపెట్టె యడుగున, పట్టుచీరె మడతలో, ఒక ఫోటో గలదు. వారి వివాహమైన నెలలో తీయించుకొన్నది. అంచులు పసుపువన్నెకు తిరిగినవి; ఒక మూల తెల్లని మచ్చ పడినది. నలువదియేండ్లు దాటినను ముఖములు మాత్రము చెక్కుచెదరలేదు. మా పెద్దమ్మాయి అన్నప్రాశననాడు మేము తీసిన ఫోటోలు రెండువందలకు తక్కువ లేవు. అవి యన్నియు మా సెల్‌ఫోనులోనే యుండెను. ఒకనాడా ఫోను నీళ్లతొట్టిలో జారిపడినది. ఎన్ని చోట్ల చూపించినను ఒక్క చిత్రమైనను తిరిగి రాలేదు. అత్తగారు మమ్ము నిందింపలేదు గాని, "నా ఫోటో నా పెట్టెలో నున్నదమ్మా, నా మనుమరాలి ఫోటో యెక్కడ నున్నది?" అని మాత్ర మడిగిరి.

ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. రీలు లేని కెమెరా మన యిండ్లకెట్లు వచ్చినది, రీలుతో జీవించిన గొప్ప కంపెనీలను ఏమి చేసినది అని కొంత చదివి తెలిసికొంటిమి. అది సోదరీమణులకును వినదగిన కథయని తోచి యిట వ్రాయుచున్నారము.

ఈ కథకు మొదలు ఒక తల్లి వంటగదిలో నున్నది. అమెరికాలోని రోచెస్టరు పట్టణమున జార్జి ఈస్ట్‌మన్ అను యువకుడు పగలు బ్యాంకులో గుమాస్తాపని చేయుచు, రాత్రులందు తల్లి వంటగదిలో ఫోటోల మందులు కలుపుచుండెడివాడు. తండ్రి యతని బాల్యముననే గతింపగా, ఆ తల్లి యింట అద్దెకుండువారిని చేర్చుకొని సంసార మీదుకొని వచ్చినది. 1888లో ఈస్ట్‌మన్ 'కోడక్' అను చిన్న కెమెరాను అమ్మకమునకు దెచ్చెను. వెల 25 డాలర్లు. నూరు చిత్రములకు చాలిన రీలు ముందుగనే దానిలో చుట్టబడి యుండును. రీలు ముగిసిన పిమ్మట కెమెరాను, 10 డాలర్లను పంపినచో, కంపెనీవారే ఫిలిము కడిగి, ఫోటోలు వేసి, క్రొత్త రీలు చుట్టి పంపుదురు. మీట నొక్కుటయే మన పని. 1900లో వచ్చిన 'బ్రౌనీ' కెమెరా వెల ఒక్క డాలరే. కెమెరా చేతబట్టిన 'కోడక్ కన్య' బొమ్మ ప్రకటనలలో నిలిచినది. ఫోటో తీయుట పురుషుల విద్య మాత్రమే కాదనియు, ఇంటి ముచ్చటలను ఇల్లాలే పదిలపరుపవచ్చు ననియు ఆ బొమ్మ చాటినది.

ఒక్క డాలరుకు కెమెరా నమ్మినవారికి లాభమెట్లు వచ్చెను? ఈ మర్మము గృహిణులకు సులభముగా తెలియును. పొయ్యి యొక్కమారు కొందుము. కట్టెలు నిత్యము కొనవలెను. కెమెరా పొయ్యి వంటిది, ఫిలిము కట్టెల వంటిది. రీలు, కడుగు మందులు, అచ్చుకాగితము, వీని యమ్మకములోనే కంపెనీ భాగ్యమంతయు నుండెను. మా చిన్నతనమున పెండ్లిలో ఫోటోగ్రాఫరు "ఇంక నాలుగే మిగిలినవి" అనగానే, ముందెవరిని నిలువబెట్టవలెనా యని పెద్దలు మంతనము లాడుట మాకు జ్ఞాపకము. ఒక్కొక్క మీటనొక్కు డబ్బుతో గూడిన పని.

ఆ కట్టెలు లేకయే వంట చేయు విద్య కోడక్ వారి యింటనే పుట్టుట విచిత్రము. 1969లో బెల్ ప్రయోగశాలయందు విల్లర్డ్ బోయిల్, జార్జి స్మిత్ అను శాస్త్రజ్ఞులు వెలుతురును విద్యుత్తుగా గ్రహించు సీసీడీ అను చిన్న బిళ్లను రూపించిరి. ఇందులకు వారికి 2009లో నోబెల్ బహుమాన మందినది. 1975 డిసెంబరులో కోడక్ ఉద్యోగియైన స్టీవెన్ శాసన్ అను ఇరువదియైదేండ్ల ఇంజనీరు అట్టి బిళ్లతో ఫిలిము లేని కెమెరాను కూర్చెను. ముగ్గు చుక్కలతో నేర్పడునట్లు, ఇందు బొమ్మ వరుసగా నూరు, నిలువుగా నూరు, మొత్తము 10,000 చుక్కలతో నేర్పడును. ఒక్కొక్క చుక్క యెంత వెలుతురో అంకెలలో వ్రాసికొనుటయే డిజిటల్ విద్య. ఆ కెమెరా బరువు సుమారు మూడున్నర కిలోలు. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై నెక్కించుటకు 23 సెకండ్లు పట్టెను. దానిని టెలివిజనులో చూడవలెను.

పైయధికారులు మెచ్చిరి గాని సంతసింపలేదు. ఫోటోను టెలివిజనులో జూడగోరువా రెవ్వరని యడిగిరని శాసన్ తరువాత చెప్పెను. పెరటిచెట్టు మందునకు రాదను సామెత యిట్టివారికే తగును. ఐనను వారు కన్నులు మూసికొని కూర్చుండిరనుట న్యాయము కాదు. 1991లో నిపుణుల కొరకు డిజిటల్ కెమెరా నమ్మిరి. 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాల యమ్మకమున ప్రథమస్థానము వారిదే. కాని పొయ్యి లెన్ని యమ్మినను కట్టెల లాభము రాలేదు. 1988లో సుమారు 1,45,000 మందికి పని గల్పించిన కంపెనీ, 2012 జనవరిలో దివాలాకోర్టు నాశ్రయించునాటికి సుమారు 17,000 మందితో మిగిలెను. కొన్ని శాఖలు వేరుపడుటయు నందొక కారణము. 2013లో చిన్న సంస్థయై బయటపడి, నేటికిని సినిమా ఫిలిము చేయుచున్నది.

జపానులోని ఫ్యూజీ కంపెనీకిని ఇదే యాపద వచ్చెను. 2000లో శిఖరము నందిన రంగుఫిలిము గిరాకి పదేండ్లలో పదియవవంతునకు దిగువకు బడెను. వారును వేలకొలది పనివారిని తొలగించిరి. కాని తమ చేత నింకేమి విద్య గలదో వెదకుకొనిరి. ఫిలిమునకు ముఖ్యవస్తువు జెలటిన్, అది కొల్లాజెన్ నుండి చేయబడునది. మన చర్మమున కాధారమును ఆ కొల్లాజెనే. ఫోటోరంగులు వెలవెలబోకుండ కాపాడు విద్యయు వారికి దెలియును. ఆ రెంటితో 2007లో ముఖమున రాచుకొను లేపనములను తెచ్చిరి. టెలివిజను తెరలకు వలయు పొరలను, మందులను చేసిరి. ఇంట నున్న సరకుతోనే క్రొత్తవంట చేసిన నేర్పరి యిల్లాలి తీరిది.

ఫిలిమును మ్రింగిన డిజిటల్ కెమెరాయు సుఖపడలేదు. దానిని సెల్‌ఫోను మ్రింగినది. 2010లో లోకమునకు పంపబడిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైగా నుండగా, 2020లో 90 లక్షలైనను లేవు.

మన దేశమునకును ఈ దెబ్బ తగిలినది. 1960లో ఊటీయందు ప్రభుత్వము స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్సు 'ఇందు' అను పేర ఫిలిము నమ్మెడిది. రంగుఫిలిము పోటీ, అప్పులభారము దానిని ముందే క్రుంగదీసెను. డిజిటల్ వచ్చిన పిదప తేరుకొనుట కవకాశమే లేకపోయెను. నేడది మూతపడి యున్నది. మా యూరి స్టూడియోలో నెగటివుపై సన్నని పెన్సిలుతో ముఖమచ్చలను దిద్దుచుండిన వృద్ధుడు ఆ పని మానుకొని చాలకాలమైనది. ఆయన కుమారుడు కంప్యూటరుపై పెండ్లి ఆల్బములు కూర్చుచున్నాడు. చీకటిగదిలో నిప్పుడు బియ్యపుబస్తా లున్నవి.

క్రొత్తవిద్యను మేము దూషింపము. దూరదేశమున నున్న బిడ్డ ముఖము క్షణములో కనబడుట సామాన్యమైన వరము కాదు. ఐతే పూర్వము ఫోటోను కడిగి చేతికిచ్చు భారము కంపెనీవారు వహించెడివారు. ఇపుడది మన మీదనే పడినది. మీట నొక్కుటతో మన పని ముగియుటలేదు. కావున దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెను. ప్రతి సంవత్సరము మిక్కిలి ప్రియమైన పది పదునైదు చిత్రములనైనను కాగితముపై వేయింపుడు. వెనుక పేరును, తేదీని వ్రాయుడు. తక్కినవానిని ఫోనులోనే గాక మఱి రెండు చోట్ల దాచుడు.

మా అమ్మాయి అన్నప్రాశన చిత్రమొకటి మా మరిది ఫోనులో దొరకినది. మసకగా నున్నను వేయించితిమి. అత్తగారు దానిని తమ ఫోటో ప్రక్కనే, అదే చీరె మడతలో నుంచిరి.