అచ్చు తప్పిన రూపాయికి ఎంత వెల?

నడికుడి: జంక్షన్‌లో రైలు దిగి టీ తాగినవారికి తిరిగి వచ్చే చిల్లరలో ఒక్కోసారి వింత నాణెం కనబడుతుంది. బొమ్మ పక్కకు జరిగిపోయి ఉంటుంది. లేదా అంచును ఎవరో కొరికినట్టుంటుంది. కొట్టువాడు చెల్లదు పొమ్మంటాడు. ఫోనులో ప్రకటన మాత్రం అటువంటి దానికి లక్షలిస్తామంటుంది. ఈ రెండు మాటలూ నమ్మదగినవి కావు.

తప్పు ఎక్కడ జరిగిందన్నదే అసలు సంగతి. టంకశాలలో జరిగితే సేకరించేవారు కొంత ఎక్కువ ఇచ్చి కొంటారు. బయట సుత్తితోనో, ఆకురాయితోనో జరిగితే అది పాడయిన నాణెమే.

నక్షత్రం ఎవరిది?

నడికుడి నుంచి సికింద్రాబాదు పోయే రైలు దారిలోనే చర్లపల్లి ఉంది. 1903లో సైఫాబాదులో నెలకొన్న హైదరాబాదు టంకశాల 1997లో అక్కడికి తరలింది. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు నాణెమని గుర్తు. వజ్రం ముంబయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేనిది కోల్‌కతాది. నక్షత్రం ఉంది కదా అని దాచుకునేవారున్నారు గాని, మన ప్రాంతంలో అంతకంటె మామూలు నాణెం లేదు. పది రూపాయల బిళ్ళ కూడా అంతే. 14 రకాల నమూనాలు వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది.

లోహపు రేకు నుంచి బిళ్ళలు కత్తిరించి, అంచు లేపి, పై అచ్చుకూ కింది అచ్చుకూ మధ్య పెట్టి కొడితే నాణెం తయారవుతుంది. రేకు సరిగా జరగక, కత్తెర అంతకుముందు పడిన కంత మీదికి పోతే బిళ్ళకు నెలవంకలా కొరుకు పడుతుంది. అటువంటి బిళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా సాధారణంగా మసకగా ఉంటుంది. ఆకురాయితో అరగదీసిన దానికి ఆ మసక రాదు.

కొట్టిన నాణెం అచ్చుకు అతుక్కుపోతే దాని మీద పడిన తరువాతి బిళ్ళకు ఒకవైపు బొమ్మ సరిగా వచ్చి, రెండో వైపు అదే బొమ్మ తిరగబడి లోపలికి గుంటగా పడుతుంది. దీనికి గిరాకీ ఎక్కువ, నకిలీలూ ఎక్కువే. రెండు నాణేలను కలిపి బిగించి నొక్కితే అసలు బొమ్మ అణగిపోయి, దానిపైన తిరగబడిన నీడ పడుతుంది. భూతద్దంతో చూస్తే ఆ పాత గీతలు కనబడతాయి.

ఒక రకం బిళ్ళ మీద మరో రకం అచ్చు పడిందన్న అనుమానం వస్తే కంసాలి త్రాసు చాలు. 2011లో వచ్చిన నమూనాలో రెండు రూపాయలు 4.85 గ్రాములు, రూపాయి 3.79 గ్రాములు. రెండు రూపాయల బొమ్మ ఉండి 3.79 మాత్రమే తూగితే నిపుణుడికి చూపించవలసిందే.

ఇక వెల. దీనికి ప్రభుత్వం కట్టిన ధర ఏదీ లేదు. అడిగిన ధర కాదు, వేలంలో నిజంగా పలికిన ధర చూడాలి. అచ్చు కాస్త పక్కకు తిరిగిన రూపాయికి వచ్చేది స్వల్పమే. సగం బొమ్మ తప్పిపోయినా సంవత్సరం స్పష్టంగా కనబడేదానికి ఎక్కువ పలుకుతుంది. చింతపండుతో తోమి మెరిపించి తీసుకువెళితే ఆ కాస్తా తగ్గుతుంది.

మోసం జరిగేది మాత్రం అమ్మేటప్పుడు. ముందుగా రిజిస్ట్రేషను రుసుము, తరువాత పన్ను, ఆపైన కమీషను అంటూ కొంటానన్నవాడే డబ్బు లాగుతాడు. తన పేరు చెప్పి ఇలా వసూలు చేసేవారిని నమ్మవద్దనీ, పాత నోట్లు, నాణేల వ్యాపారంతో తనకు సంబంధం లేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. అసలైన వ్యాపారి నాణెం చేతిలోకి తీసుకుని, తూచి చూశాకే ధర చెబుతాడు. అమ్మేవాడిని పైసా అడగడు.